మందు పోసిన చాలునా, ఆకు తడియవలదా?

గడచిన పుష్యమాసమున, ఉల్లి విస్తారముగ వేసిన ఒక గ్రామమునకు పోవలసి వచ్చినది. అచ్చట మన సంఘసభ్యులలో పెద్దవాడగు ఒక రైతు తన రెండెకరముల ఉల్లికి తామరపురుగు పట్టినదని మూడు పర్యాయములు మందు కొట్టించెను. పురుగు తగ్గలేదు. నాలుగవ పర్యాయము మోతాదును రెండింతలు చేయుటకు సీసాలు తెచ్చి గట్టుమీద నుంచెను. "అయ్యగారూ, ఈ పురుగునకు భయము పోయినది. లేదా మందులోనే సత్తువ లేదు. రెండింటిలో ఏదో ఒకటి నిజము" అని ఆయన నాతో ననెను. నేను సీసాల మాట అట్లుంచి, మునుపు కొట్టినట్లే ఒక మడి కొట్టి చూపుమని పంపు మోయు కూలివానిని కోరితిని. రైతును ఆకుల చెంత కూర్చుండి చూడుమంటిని.

చూచుటకు పెద్ద విద్య యక్కఱలేదు. ఉల్లియాకుపై పడిన ప్రతి తుంపరయు పాదరసపు గుండువలె ముడుచుకొని, ఆకు వెంట దొర్లి, మొదటిలో మట్టిపై బడెను. అయిదు నిమిషములైన పిదప ఆకును వ్రేలితో తాకి చూచిన, పొడిగానున్నది. మడి మాత్రము తడిసి నల్లబడినది. మూడు పర్యాయములు మందు త్రాగినది ఉల్లి కాదు, మడిలోని మన్ను. నాలుగవసారి రెండింతలు పోసినచో, రెండింతలు త్రాగునదియు ఆ మన్నే.

ఈ సంగతిని వ్రాయుటకు కారణము కలదు. మన సంఘపు డిపోలో ఇంతకంటె "గట్టి" మందులు తెప్పించవలెనని కొందఱు సభ్యులు కోరుచున్నారు. వారి కష్టము నేనెఱుగుదును. కాని వారి కోరికతో నేనేకీభవింపజాలను. ఆకు తడియని చోట మందు గట్టిదైనను ఒకటే, పలుచనిదైనను ఒకటే. ముందుగా విచారింపవలసినది మందు బలమును గాదు, అది ఆకును అంటుచున్నదా లేదా యనుటను. ఈ విచారణలేక మోతాదు పెంచుట, కన్నపు కుండలో నీరు నిలువలేదని పెద్ద చేద తెచ్చుట వంటిది.

నీరు ఆకును తడుపుటయు, తడుపకుండుటయు ఎట్లు జరుగునో కొంచెము తెలిసికొనిన గాని ఉపాయము బోధపడదు. నీటి కణములు ఒండొంటిని పట్టుకొని యుండును. బొట్టు లోపలనున్న కణమునకు నలుదిక్కుల చుట్టములు కలరు. పైపొరలోని కణమునకు గాలివైపున చుట్టమెవ్వడును లేడు. అందుచే పైపొర యెల్లప్పుడు లోనికి ముడుచుకొనజూచును. దీనికి తలతన్యత యని పేరు. బొట్టు ఆకుపై బడినప్పుడు, తన్ను తాను ముడుచుకొను లాగుడు ఒకవైపున, ఆకు తనపైకి పిలుచు లాగుడు మఱియొకవైపున పనిచేయును. ఏది గెలుచునో దానినిబట్టి బొట్టు గుండ్రముగ నిలుచుటయో, పలుచగ పరచుకొనుటయో సంభవించును. ఈ తగవును 1805లో ఆంగ్లేయ వైద్యుడగు థామస్ యంగ్ విశదపఱచెను. బొట్టు అంచు ఆకును తాకుచోట నీటి లోపలివైపున ఏర్పడు కోణమును కొలిచిన, గెలుపెవరిదో తెలియును. గోడకును నేలకును నడుమనుండు మూల 90 డిగ్రీలు గదా. కోణము అంతకు తక్కువైన నీరు ఆకును తడుపుచున్నదనియు, అంతకు మించిన తడుప నొల్లకున్నదనియు చెప్పవచ్చును. 150 డిగ్రీలు దాటిన, బొట్టు ముత్యమువలె నిలిచి కొంచెము వాలుననే దొర్లును.

ఆకుల పైపొరను మైనము కప్పియుండును. మైనము నీటిని పిలువదు. అయినను మైనమునకు ఒక హద్దు కలదు. నున్నని పలకపై మైనమును పూసి నీటిబొట్టు నుంచిన, కోణము సుమారు 105 మొదలు 110 డిగ్రీల వఱకు వచ్చును. ఫ్లోరిను కలిసిన పదార్థములు ఇంకను కొంచెము మేలు. కాని ఎంతటి పదార్థమైనను, నున్నగా నున్నంతవఱకు, 120 డిగ్రీల ప్రాంతమున ఆగిపోవును. అట్లయిన తామరాకుపై 160 డిగ్రీల కోణముతో బొట్టు ఎట్లు నిలుచుచున్నది?

తామరాకు నున్నగ లేదు. కంటికి నున్నగ తోచును గాని సూక్ష్మదర్శినిలో చూచిన, మిల్లీమీటరులో నూఱవవంతు పరిమాణముగల బుడిపెలు దట్టముగ నుండును. ఒక్కొక్క బుడిపెపై ఇంకను మిక్కిలి సన్నని మైనపు గొట్టములు మొలిచియుండును. జర్మనీలోని బాన్ నగరమున బార్త్‌లాట్, నైన్‌హూయిస్ అనువారు 1997లో దీనిని చక్కగ ప్రకటించిరి. బొట్టు ఈ మొనలపై మాత్రమే నిలుచును. మొనల నడుమ గాలి యుండును. కోత అయిన పిదప వరికొయ్యకాళ్లపై పట్టా పఱచినచో, పట్టా కొయ్యల మొనలను తాకునే గాని నేలను తాకదు గదా. అట్లే తామరాకుపై నీరు ఆకును తాకునది స్వల్పము, కూర్చుండినది యెక్కువగ గాలిమీదనే. ఉపరితలపు గఱుకుదనము తడియు స్వభావము గలదానిని మఱింత తడియునట్లును, తడియనిదానిని మఱింత తడియకుండునట్లును చేయునని 1936లో వెంజెల్ తెలిపెను. గాలిమీద నిలిచిన బొట్టు లెక్కను 1944లో క్యాసీ, బాక్స్‌టర్ అనువారు కట్టిరి. ఉల్లి, కోసుగడ్డ, చేమ, వరి యనునవి ఈ తామర కుటుంబపు గుణమునే ఎక్కువ తక్కువలుగ కలిగియున్నవి.

తామరాకు మీది నీటిబొట్టని మనవారు వైరాగ్యమునకు ఉపమానము చెప్పుదురు. ఆ వైరాగ్యమంతయు గాలి నాశ్రయించియున్నది. గాలి తొలగిన క్షణమున అదియు తొలగును. నా మాట ఈ ఒక్క సంగతిమీద నిలుచుచున్నది గాన, పాఠకులు దీనిని మనస్సున నుంచుకొందురుగాక.

గొఱ్ఱెకాపరి గొంగడిని చూడుడు. వాన మొదలైన కొంతసేపు చినుకులు గొంగడిపై నిలిచి జాఱుచుండును. ఉన్ని వెండ్రుకల నడుమ గాలియున్నంతవఱకు కాపరి పొడిగా నుండును. గంటలకొలది వాన పట్టినప్పుడు మొదట ఊఱునది భుజములచోటు, కఱ్ఱ ఒత్తుకొనినచోటు. ఒత్తిడికి గాలి పోయినది, నీరు లోనికి దిగినది. ఒకమాఱు దిగిన నీరు, ఒత్తిడి తీసినను వెనుకకు రాదు. గుడారపు గుడ్డను వానలో లోపలినుండి వ్రేలితో తాకినచో అచ్చటనే కాఱుననుట సైన్యములో పనిచేసి వచ్చినవారెల్ల ఎఱిగినదే.

మంచు మఱియొక దారిని వచ్చును. వాన పైనుండి పడును గాన మొనలపైననే ఆగును. మంచు అట్లు కాదు. గాలిలోని ఆవిరి మొనల నడుమనున్న సందులకే పోయి అచ్చటనే నీరగును. గాలియుండవలసిన చోట నీరు పుట్టినది గావున, వానకు తడియని ఆకు మంచునకు తడియుట కలదు. గిద్యోను కళ్లమున పఱచిన గొఱ్ఱెబొచ్చును పిండగా పాత్రెడు నీళ్లు వచ్చెనని బైబిలులో నున్నది. అది దైవసూచన. దాని జోలికి నేను పోను. కాని తెల్లవాఱుజామున బయట మఱచిన గొంగడిని తీసి చూచినవారికి, మంచు ఉన్నిలో ఎంతగ నిలుచునో వేఱుగ చెప్పనక్కఱలేదు. ఈ కారణముననే మంచు ఆఱకముందు మందు కొట్టవలదని మేము చెప్పుట. ఆకుపై మునుపే నీరున్నచో మన మందు దానితో కలిసి పలుచనై, బొట్టు బరువెక్కి, నేలకు జాఱిపోవును.

ఇక మైనమును తీసివేసిన ఏమగునో పత్తి రైతునకు చూపుట సులభము. జిన్నునుండి వచ్చిన పచ్చి దూదిని నీటిపై వేయుడు, తేలుచుండును. ఆసుపత్రి దూదిని వేయుడు, వెంటనే మునుగును. రెండును ఒక్క పత్తియే. రెండవదానిని క్షారజలమున ఉడికించి, నారపైనున్న మైనమును తొలగించిరి. నూటికి ఒక పాలుకూడ నుండని మైనమింత పని చేయుచున్నది!

అయితే మైనము రైతునకు శత్రువనుకొనరాదు. వరియాకును నీటిలో ముంచి చూచిన వెండివలె మెఱయును. ఆ మెఱుపు ఆకును చుట్టియున్న పలుచని గాలిపొర. వఱదలో మునిగిన వరి, ఈ పొర ద్వారమున నీటిలోని వాయువులను గ్రహించి కొన్నాళ్లు ప్రాణము నిలుపుకొనుననియు, పొర నశించిన వెనుక కష్టపడుననియు 2009లో ప్రకటింపబడిన పరిశోధనల వలన తేలినది. గోదావరి, కృష్ణా లంకలలోను డెల్టా పల్లములలోను సేద్యము చేయువారికి దీని విలువ నేను చెప్పనేల? కావున ఆకు మైనమును గీకివేయు ఉపాయము మనకు వలదు. మనము మార్చవలసినది ఆకును గాదు, నీటిని.

శత్రువు ఈ విద్యను మనకంటె ముందుగనే నేర్చినది. వరికి అగ్గితెగులు తెచ్చు శిలీంధ్రపు బీజమును చూడుడు. నీటిని అంటనీయని వరియాకుపై అది యెట్లు నిలుచుచున్నది? బీజపు కొనయందు ఒక జిగురు దాగియుండును. తడి తగిలినంతనే ఆ జిగురు బయటికి వచ్చి బీజమును ఆకునకు బంధించును. వంటపాత్రలకు పూయు టెఫ్లాను మీదకూడ ఆ జిగురు అంటుకొనుచున్నదని 1988లో శాస్త్రజ్ఞులు కనుగొనిరి. తెగులు తన జిగురు తాను తెచ్చుకొని వచ్చుచుండగా, దానికి ఎదురుపోవు మన మందు వట్టినీటితో పోయి ముత్యములవలె దొర్లి క్రిందపడుచున్నది. ఎవరు గెలుతురో చెప్పుడు.

నీటిని మార్చుట యనగా దాని తలతన్యతను తగ్గించుట. శుద్ధమైన నీటిది సెంటిమీటరునకు సుమారు 72 డైనులు. సబ్బు కలిపిన నీటిది 25 మొదలు 30 వఱకు దిగును. సిలికాను జాతి తడుపుమందులు కలిపిన 20, 22 వఱకు పోవును. లాగుడు తగ్గిన బొట్టు ముడుచుకొనలేదు. మొనల నడుమకు దిగి, గాలిని వెడలగొట్టి, మైనమును తాకును. తామరాకునకైనను సబ్బునీటి యెదుట వైరాగ్యము నిలువదు. సబ్బుతో కడిగిన బాతు చెఱువులో పొడిగా తేలలేదనుటయు ఇందువలననే.

నీటి పైపొరను గూర్చిన ఈ విద్యకు తొలి పునాదులు వేసినవారిలో ఒక గృహిణివంటి స్త్రీ యున్నది. జర్మనీలోని బ్రున్స్‌విక్ నగరపు ఆగ్నెస్ పోకెల్స్ కళాశాల చదువు లేక, ఇంట తల్లిదండ్రులకు సేవచేయుచు, వంటింటి పాత్రలు కడుగు జిడ్డునీటినే పరీక్షించుచు, రేకు తొట్టితో కొలతలు తీసెను. ఆమె లేఖను రేలీ ప్రభువు 1891లో 'నేచర్' పత్రికకు పంపి ప్రకటింపజేసెను. మన ఇండ్లలో గిన్నెలు తోము స్త్రీలకు ఈ సంగతి సగము తెలిసినదే. మందు కలుపు పురుషులకే తెలియలేదు.

ఇంత చెప్పిన పిదప, "అయితే ప్రతి పంపులోను దోసెడు సబ్బు వేసెదము" అనువారు బయలుదేఱుదురని నాకు తెలియును. ఆ తప్పు నేనే చేసితిని. ఉద్యోగమున చేరిన తొలి యేండ్లలో ఒక కోసుగడ్డ తోటలో, కొలత చెప్పక, "సబ్బు కొంచెము వేయుడు" అంటిని. రైతు కొంచెమును తన యౌదార్యముతో కొలిచెను. మూడవనాటికి ఆకుల అంచులు మాడినవి. ఆకు తడిసినది నిజమే, తడియవలసిన దానికంటె తడిసినది. ఆ రైతు నన్నేమియు ననలేదు. ఆయన మౌనము నాకింకను జ్ఞాపకము.

అతిగ పరచుకొనుట వలన మఱియొక నష్టము కలదు. బొట్టు మిక్కిలి పలుచనైనచో, ఆకుపై నిలువగల మందుయొక్క పొరయు పలుచనగును. మిగిలినది అంచునుండి ధారగ కాఱిపోవును. దొర్లిపోయిన మందును, కాఱిపోయిన మందును చేరునది ఒకే చోటికి. ఆకు అంచునుండి చుక్కలు పడ మొదలైన క్షణముననే పంపును ముందునకు నడుపవలయును. అచ్చటనే నిలిచి "బాగుగ తడుపుచున్నాను" అనుకొనువాడు మందును కడిగివేయుచున్నాడు.

నీటి మాటయు చూడవలయును. ఒక గ్రామమున సబ్బు వేసినను ఉల్లియాకు తడియలేదు. కారణము తోచక నేను నిలుచుండగా, గట్టుపైనున్న ముసలమ్మ, "నాయనా, ఈ బావినీటిలో పప్పే ఉడకదు, సబ్బు ఎక్కడ నురగగట్టును?" అనెను. నా సంచిలోని పుస్తకములకంటె ఆమె మాట సూటిగ నుండెను. సున్నపు లవణములు గల కఠినజలమున సబ్బు విఱిగి, తెల్లని తెట్టుగ తేలిపోవును. ఆ తెట్టు పంపు నాజిలును మూయుటకు తప్ప మఱెందుకును పనికిరాదు. అట్టి బావులున్నచోట అయానులు లేని జాతికి చెందిన తడుపుమందునే వాడవలయును. అది కఠినజలమున విఱుగదు. మఱియు సబ్బు క్షారము. కొన్ని పురుగుమందులు క్షారము తగిలిన విచ్ఛిన్నమై నిర్వీర్యములగును. కావున సీసాపైని చీటిలో కూడదని యున్నచోట సబ్బు వేయరాదు.

వేపనూనె వాడువారికి సబ్బు మఱియొక విధమున అవసరము. నూనె నీటిలో కలియదు, పైకి తేలును. లీటరునకు 5 మిల్లీలీటర్ల నూనెను, 1 గ్రాము సబ్బుపొడిని ముందుగ కొంచెము నీటితో పాలవలె గిలకొట్టి, పిదప మిగిలిన నీరు పోయవలయును. ఇట్లు చేయక నూనెను నేరుగ పంపులో పోసినవారి చేనిలో, మొదటి సాళ్లకు వట్టినీరును, చివరి సాళ్లకు వట్టినూనెయు దక్కును. మొదటివి పురుగు తినును, చివరివి మాడును. అప్పుడు "వేపనూనె పనిచేయదు" అని తీర్పు చెప్పుదురు. పిండినల్లి విషయమునను ఇదియే. దాని వంటిమీది తెల్లని పొడి మైనము. వట్టినీటి మందు ఆ పొడిమీదినుండి జాఱిపోవును. పురుగును తడుపని మందు పురుగును చంపదు.

తడుపుట వేఱు, అంటిపెట్టుకొనుట వేఱు. మనవారు ఈ రెండింటిని కలిపి "జిగురు" అనుచున్నారు. ఫ్రాన్సు దేశమున మిల్లార్డే 1885లో ప్రకటించిన బోర్డో మిశ్రమమును, అనగా మైలతుత్తము, సున్నము కలిసిన మందును, మైసూరు రాజ్యమున పోకతోటల కొళెరోగమునకు లెస్లీ కోల్మన్ ప్రచారము చేసెను. నెలలకొలది ఎడతెగని వానలు గల మలెనాటిలో మందు నిలువవలసియుండెను. అందులకు గుగ్గిలము, చాకలిసోడా కలిపి కాచిన జిగురును చేర్చుట వాడుకకు వచ్చినది. అది వానకు కాఱిపోకుండుటకు. ఎండకాలమున ఉల్లికి మందు కొట్టువానికి కావలసినది పరచుకొనుట. సిలికాను జాతి తడుపుమందును వాన ముందు వాడినవాడు, మందు మఱింత సులభముగ కాఱిపోవుట చూచి ఆశ్చర్యపడరాదు.

అన్ని మందులకును తడుపుమందు అమ్మజూపు దుకాణదారుల మాటయు నేను సమ్మతింపను. నూనెరూపమున వచ్చు అనేకమందులలో తడుపు పదార్థము కర్మాగారముననే చేర్చియుండును. తేలికగ తడియు ఆకులకు అదనముగ వేయుట దండుగ. కలుపుమందులలో తడుపుమందును ఇష్టము వచ్చినట్లు వేసిన, కలుపుతోబాటు పైరుకూడ చచ్చుట సంభవము. పైరు ఆకు మందును విసర్జించుట వలననే కొన్ని చోట్ల పైరు బ్రతుకుచున్నది. అందుచే పరీక్ష ముందు, కొనుగోలు తరువాత. మందు కలిపిన నీటినే ఒక పుల్లతో తీసి, పొలములోని ఆకుపై బొట్టు పెట్టి, ఆకును కొంచెము వంచుడు. బొట్టు దొర్లినచో తడుపుమందు వేయుడు. అంటి నిలిచినచో ఏమియు వేయనక్కఱలేదు. రెండు నిమిషముల పని.

పంపు నాజిలు అరిగినచో తుంపరలు లావగును. లావు తుంపర మైనపుటాకుపై బంతివలె ఎగిరి పడును. సన్నని తుంపరకు ఆ వేగము లేదు గాన నిలుచును. మిక్కిలి సన్నమైనచో గాలికి కొట్టుకొనిపోయి పొరుగువాని చేనును, కొట్టువాని ముక్కును చేరును. ఏటేట కొత్తమందులకు వ్యయము చేయువారు అరిగిన నాజిలును మార్చకుండుట నాకెన్నడును బోధపడలేదు.

అన్నింటికంటె నన్ను కలవరపెట్టునది మఱియొకటి. ఉల్లియాకు విసర్జించిన మందును కూలివాని చొక్కా విసర్జింపదు. ఉతికిన నూలుగుడ్డ ఆసుపత్రి దూదికి చుట్టము, తాకినదానినెల్ల పీల్చుకొనును. ఆనాడు ఆ ఉల్లితోటలో ఆకులు పొడిగా నుండగా, పంపు మోసినవాని వీపు, తొడలు తడిసియుండెను. మూడు పర్యాయములును అట్లే తడిసియుండును. మోతాదు రెండింతలు చేసినచో పురుగునకు చేరునది ఏమియు లేదు, వాని చర్మమునకు చేరునది రెండింతలు. "నీరు అంటని" గుడ్డలని అమ్ముచున్నవాటిని నమ్ముకొనుటయు తగదు. పూతపూసిన గుడ్డ వానచినుకును ఆపును గాని, తడుపుమందో నూనెయో కలిసిన విషపునీటిని ఆపుననుకొనరాదు. ఏ గుణముచేత ఆ నీరు తామరాకును గెలుచుచున్నదో, ఆ గుణముచేతనే పూతనుకూడ గెలుచును. నీటిని త్రోసివేయునది వేఱు, నీటికి దారియే లేకుండ మూయునది వేఱు. కూలివానికి కావలసినది రెండవది. నైట్రైలు రబ్బరు చేతితొడుగులు, వీపునకును తొడలకును రంధ్రములు లేని ప్లాస్టికు కప్పు, ముక్కునకు తగిన తొడుగు, కడుగుకొనుటకు వేఱుగ నీరు, సబ్బు ఉండవలయును. ఇవి ఇచ్చుట పొలము యజమాని బాధ్యత, దయ కాదు.

ఆ దినమున ఏమి జరిగినదో చెప్పి ముగించెదను. రైతు పాత మోతాదుతోనే ఒక పంపు కలిపించెను. నా సంచిలోని తడుపుమందును సీసాపైని కొలత ప్రకారము వేసితిమి. ఈసారి ఉల్లియాకు పైనుండి క్రిందివఱకు నల్లగ తడిసెను. నీరు ఆకుల మొదటి సందులకు, అనగా తామరపురుగు దాగుచోటికి, సన్నని పొరగ దిగెను. మఱునాడు ఆకులు విప్పి చూడగా పురుగు చాలవఱకు పడియుండెను. రైతు గట్టుమీది సీసాలలో విప్పనివి డిపోకు తిరిగి యిచ్చెను. ఆయన నాతో, "ఇన్నాళ్లు ఈ మాట ఎవరును చెప్పలేదేమి?" అనెను. నేను సమాధానము చెప్పలేకపోతిని. చెప్పవలసిన వారిలో నేనును ఒకడను.

కావున వచ్చు సర్వసభ్య సమావేశమున నేను ఈ తీర్మానమును ప్రతిపాదింపదలచితిని. గట్టిమందులకై కోరిన సొమ్ములో కొంతభాగము అయానులు లేని తడుపుమందునకు, నాజిళ్లకు, చేతితొడుగులకు వినియోగింపవలయును. డిపోలో మందు కొనవచ్చినవారిని ఏ పైరు, ఏ బావి అని అడిగిన పిదపనే సీసా ఇయ్యవలయును. గట్టిమందులు కావలెనను సభ్యులు వచ్చి తమ వాదమును వినిపింతురుగాక. నా ప్రతిపాదనలో పొరపాటున్నచో సరిదిద్దుకొందును. వచ్చువారు తమ పైరుయొక్క ఆకులు నాలుగు తడిగుడ్డలో చుట్టియు, తమ బావినీరు ఒక సీసాలో పట్టియు తెచ్చినచో, బల్లమీద అందఱి యెదుటను బొట్టు పెట్టి చూడవచ్చును.